ఆ నంబరు వెనకాల ఎవరున్నారు?

"అక్కా, ఫైర్‌వాల్‌లో ఏమన్నా ఆగుతోందేమో కాస్త చూడవా?"

నా ఉద్యోగంలో రోజూ వినపడే మాట ఇది. మా గచ్చిబౌలి టీము నుంచి వచ్చినప్పుడు ముందు 'అక్కా' ఉంటుంది, ఇక్కడ అమెరికా ఆఫీసువాళ్లు అడిగినప్పుడు ఉండదు. మిగతాదంతా ఒకటే. అప్లికేషన్ నెమ్మదించినా, పాస్‌వర్డ్ గడువు తీరినా, సర్వర్లో డిస్కు నిండినా మొదటి అనుమానం ఫైర్‌వాల్ మీదే. మా జీతంలో సగం పని చేసినందుకు, మిగతా సగం తప్పు మాది కాదని నిరూపించుకున్నందుకు అని మా టీములో ఒక పాత జోకు.

ఉండేది న్యూజెర్సీలో ప్లెయిన్స్‌బరో. రూట్ వన్‌ని ఆనుకుని ఉన్న ఊరు. ఫాక్స్ రన్, హంటర్స్ గ్లెన్, క్వెయిల్ రిడ్జ్ అపార్టుమెంట్లలో సాయంత్రం నడకకు వెళ్తే తెలుగు వినపడకుండా తిరిగి రావడం కష్టం. ఆ నడకల్లో కలిసేవాళ్లలో చాలామందిది జావానో, డేటాబేసో, టెస్టింగో. నెట్‌వర్క్ మనుషులం తక్కువ. అందుకే ఎవరింట్లో వైఫై ఆగినా నన్నే పిలుస్తారు. కంపెనీ పేరు అడగకండి. ఫైర్‌వాల్ చూసుకునే మనిషి తన చోటు పేరూ, లోపలి సంగతులూ ఒకే వ్యాసంలో రాయడం మంచి అలవాటు కాదు.

గచ్చిబౌలి కుర్రాడికి నేను చెప్పే మొదటి మాట "టెల్నెట్ కొట్టి చూశావా?" అని. టెల్నెట్ అనే ప్రోటోకాల్‌ని మేం ఎప్పుడో తరిమేశాం. పాస్‌వర్డ్‌తో సహా అన్నీ దాపరికం లేకుండా పంపే రకం అది. కానీ ఆ కమాండు మాత్రం బతికే ఉంది. సర్వర్ పేరు, పక్కన పోర్టు నంబరు ఇచ్చి కొడితే అవతల ఎవరైనా పలుకుతున్నారో లేదో తెలుస్తుంది. చాలా కంపెనీల్లో దాన్ని కూడా తీసేశారు, అయినా నోటి అలవాటు పోలేదు. వేరే పనిముట్టు వాడుతూ కూడా "టెల్నెట్ కొట్టాను" అనే అంటారు.

ఆ కుర్రాడు చూసి "రావట్లేదక్కా" అంటాడు. రాకపోవడాల్లో తేడా ఉంది. 'కనెక్షన్ రిఫ్యూజ్డ్' అని వెంటనే మొహాన కొట్టిందా, లేక కాసేపు ఊరకుండి టైమౌట్ అయిందా? వెంటనే కాదందంటే ప్యాకెట్ సర్వర్ దాకా చేరినట్టే. ఆ పోర్టు దగ్గర వినే ప్రోగ్రామ్ లేక సర్వరే రీసెట్ పంపింది. అంటే అప్లికేషన్ లేవలేదు, లేదా లేచినా 127.0.0.1 మీద మాత్రమే వింటోంది. అలాంటప్పుడు ఆ మిషన్లో కూర్చున్నవాడికి పనిచేస్తుంది, బయటినుంచి వచ్చేవాడికి చేయదు. "నా దగ్గర పనిచేస్తోంది కదక్కా" అనే మాట చాలాసార్లు ఇక్కడే పుడుతుంది. జవాబే రాకుండా టైమౌట్ అయితే దారిలో ఎవరో ప్యాకెట్‌ని మింగేశారు. అప్పుడు నా ఫైర్‌వాల్ లాగ్‌లు నేనే తెరుస్తాను. ఫైర్‌వాల్ కూడా రీసెట్ పంపేట్టు పెట్టుకోవచ్చు కాబట్టి ఇది పక్కా రుజువు కాదు, కానీ మొదటి ఊహగా ఎక్కువసార్లు నిలబడుతుంది. పైగా ఈ పరీక్ష ముందు కనెక్షన్ కలుపుకుని మాట్లాడే టీసీపీకే. పేర్లు అడిగే డీఎన్ఎస్ 53, గడియారం సరిచేసే ఎన్టీపీ 123, లాగ్‌లు మోసే సిస్‌లాగ్ 514 మామూలుగా కనెక్షన్ లేకుండానే ప్యాకెట్లు పంపే యూడీపీ మీద నడుస్తాయి. యూడీపీలో నిశ్శబ్దానికి అర్థం ఏదైనా కావచ్చు. దానికి ప్యాకెట్ క్యాప్చర్ తీసి వైర్‌షార్క్‌లో చూడటమే దారి.

నంబర్ల సంగతి ఈ పనిలో లేనివాళ్ల కోసం కొంచెం చెప్పాలి. విజయవాడ స్టేషన్లో రిజర్వేషన్ హాలు గుర్తు తెచ్చుకోండి. హాలు ఒకటే, కౌంటర్లు చాలా. ఏ కౌంటర్లో ఏ పనో బోర్డు ఉంటుంది. కానీ ఆ బోర్డు ఒక మాట ప్రకారం పెట్టుకున్నది, అంతే. లోపల కూర్చున్న మనిషి తలుచుకుంటే ఏ కౌంటర్లోనైనా ఏ టికెట్టయినా కొట్టగలడు. ఐపీ అడ్రసు ఆ హాలుకి దారి చూపిస్తుంది, పోర్టు కౌంటర్ నంబరు చెబుతుంది. ప్యాకెట్లో ఆ నంబరుకిచ్చిన చోటు 16 బిట్లు, కాబట్టి 0 నుంచి 65,535 దాకా. 1023 వరకు పేరున్న పాత ప్రోటోకాళ్లవి. అక్కడినుంచి 49,151 దాకా అడిగి నమోదు చేయించుకునేవి. ఆ పైవి ఎవరైనా తాత్కాలికంగా వాడుకునేవి. వెబ్ 80లో ఉండాలని, ఈమెయిల్ సర్వర్లు ఒకదానితో ఒకటి 25లో మాట్లాడాలని ఏ వైరూ బలవంతపెట్టదు. 443లో డేటాబేస్ పెట్టినా కంప్యూటర్ కాదనదు.

ఏ నంబరు దేనికన్న ఈ మాటని రాతలో పెట్టిన మనిషి జాన్ పోస్టెల్. 1972లో, ఇంటర్నెట్ ఇంకా అర్పానెట్‌గా ఉన్న రోజుల్లో, ఈ నంబర్లు పంచిపెట్టే దొర ఒకడుండాలని ఒక చిన్న పత్రం రాశాడు. ఆ దొర తనేనా అని పక్కన ప్రశ్నార్థకం కూడా పెట్టుకున్నాడు. నిజంగానే 1998లో పోయేదాకా ఆయనే ఆ పద్దు చూశాడు, జాయిస్ రేనాల్డ్స్ అనే ఆవిడ తోడుగా. పాత నంబర్లలో బేసి సంఖ్యలు ఎక్కువ కనిపించడానికి కారణం కూడా ఆ రోజులదే: 21 ఫైళ్లు పంపే ఎఫ్‌టీపీ, 23 టెల్నెట్, 25 మెయిల్. టీసీపీకి ముందున్న పద్ధతిలో ఒక్కో కనెక్షన్ ఒకవైపే నడిచేది, పోవడానికొకటి రావడానికొకటి చొప్పున నంబర్లు జతగా కావాల్సొచ్చేవి. 1983 జనవరి 1న అర్పానెట్ టీసీపీకి మారాక ఒక్కటే చాలింది. జతలో రెండోది ఖాళీ పడింది.

అలా ఖాళీగా ఉన్న 22 కథ నాకిష్టం. 1995లో హెల్సింకి సాంకేతిక విశ్వవిద్యాలయం నెట్‌వర్క్‌లో ఎవరో పాస్‌వర్డులు పట్టే ప్రోగ్రామ్ పెట్టారు. అక్కడే ఉన్న తాతు యిలోనెన్ విసుగెత్తి అన్నిటికీ తాళం వేసి పంపే ఎస్ఎస్‌హెచ్ రాశాడు. టెల్నెట్ 23, ఎఫ్‌టీపీ 21, తను రాసింది ఆ రెండింటి పనీ చేస్తుంది కాబట్టి మధ్యలో 22 ఇమ్మని జులైలో ఒక మెయిల్ పెట్టాడు. మర్నాడు జాయిస్ రేనాల్డ్స్ దగ్గరనుంచి జవాబు, 22 ఇచ్చేశామని. కమిటీ లేదు, ఆమోదాల వరస లేదు. మా కంపెనీలో అదే 22ని రెండు సర్వర్ల మధ్య తెరవాలంటే ముగ్గురు మేనేజర్ల సంతకాలు, ఒక శనివారం రాత్రి చేంజ్ విండో కావాలి.

ప్లెయిన్స్‌బరోకి ఈ చరిత్రలో ఒక చిన్న వాటా ఉందని నాకు ఇక్కడికొచ్చి చాలాకాలమయ్యాక తెలిసింది. రూట్ వన్ పక్కన ఫారెస్టల్ సెంటర్ ఉంది కదా, పోస్టల్ అడ్రసులో ప్రిన్స్టన్ అని రాసుకుంటారు కానీ చాలాభాగం మా టౌన్‌షిప్పే. 1980ల నడుమ అమెరికా నేషనల్ సైన్స్ ఫౌండేషన్ దేశమంతటికీ పెట్టిన ఐదు సూపర్‌కంప్యూటర్ కేంద్రాల్లో ఒకటి, జాన్ వాన్ నాయ్‌మన్ పేరుతో, అక్కడే నడిచింది. 1986లో ఆ కేంద్రాల్ని కలుపుతూ వేసిన ఎన్ఎస్ఎఫ్‌నెట్ వెన్నెముక వేగం సెకనుకు 56 కిలోబిట్లు. ఇవాళ ఫోనులో వచ్చే గుడ్ మార్నింగ్ బొమ్మకి కూడా అది చాలదు. ఆ కేంద్రం కొన్నేళ్లకే మూతపడింది. దాని చుట్టూ అల్లిన ప్రాంతీయ నెట్‌వర్క్ మాత్రం ఇంకొంతకాలం బతికింది. ఆ దారినే కారులో రోజూ పోయే మావాళ్లకి ఆ సంగతి చెబితే "అవునా" అని ఊరుకుంటారు. నాకైతే ఆ మలుపు దగ్గర ఒక బోర్డు పెడితే బాగుండనిపిస్తుంది.

ఫైర్‌వాల్ తెరవమని మాకొచ్చే టికెట్ల సంగతికొద్దాం. "ఎస్ఎఫ్‌టీపీ కోసం పోర్టు 21 తెరవండి" అని వస్తుంది. ఎస్ఎఫ్‌టీపీ నడిచేది ఎస్ఎస్‌హెచ్ లోపల, 22లో. 21 ఎఫ్‌టీపీది, దానికి తాళం తొడిగితే ఎఫ్‌టీపీఎస్. పేర్లు తిరగేసినట్టుంటాయి గానీ చుట్టరికం లేదు. అవతలి కంపెనీవాళ్లది నిజంగా ఏదో కనుక్కోవడానికే ఒక వారం పడుతుంది, ఎందుకంటే అడిగినతను కూడా ఇంకెవరో పంపిన మెయిల్‌ని అతికించాడు. ఎఫ్‌టీపీఎస్ అని తేలితే తలనొప్పి మొదలు. ఎఫ్‌టీపీ మాటలు 21లో ఆడుతుంది, ఫైలు మాత్రం వేరే పోర్టులో పంపుతుంది, ఆ పోర్టు ఏదో అప్పటికప్పుడు 21లోనే చెబుతుంది. మామూలు ఎఫ్‌టీపీ అయితే ఫైర్‌వాల్ ఆ మాట విని ఆ ఒక్క పోర్టు తెరిచి పెడుతుంది. తాళం పడ్డాక ఫైర్‌వాల్‌కి వినపడదు. అప్పుడు పోర్టుల వరస ఒకటి ముందే తెరిచి ఉంచాలి. లాగిన్ అయింది, ఫోల్డర్‌లో ఫైళ్ల జాబితా మాత్రం రావట్లేదు అని ఎవరైనా అంటే మిగతా వాక్యం నేను వినక్కర్లేదు.

ఇంకో జబ్బు ఉంది, అది పట్టుకున్నాకే నాకు ఈ పని మీద నిజమైన ప్రేమ పుట్టింది. ఒక అప్లికేషన్ ప్రతి సోమవారం పొద్దున మొదటి క్లిక్ దగ్గర వేలాడేది, కాసేపటికి లేచి శుభ్రంగా నడిచేది. బ్రిడ్జ్ కాల్‌లో అప్లికేషన్ వాళ్లు డేటాబేస్ అన్నారు, డేటాబేస్ వాళ్లు నెట్‌వర్క్ అన్నారు, నా రూలేమో డేటాబేస్ పోర్టు 1521కి ఎప్పటినుంచో తెరిచే ఉంది. విషయం ఏమిటంటే, అప్లికేషన్ కొన్ని కనెక్షన్లు ముందే తెరిచి దాచుకుంటుంది. ఫైర్‌వాల్ తన గుండా పోయే ప్రతి కనెక్షన్నీ పట్టికలో రాసుకుంటుంది, గంటసేపు ఉలుకూపలుకూ లేకపోతే కొట్టేస్తుంది. కొట్టేసినట్టు రెండువైపులా ఎవరికీ చెప్పదు. శనాదివారాలు ఎవరూ తాకని కనెక్షన్‌ని సోమవారం తీసి వాడబోతే ఫైర్‌వాల్‌కి అదెవరో తెలియదు, ప్యాకెట్‌ని పడేస్తుంది. ఖాళీగా ఉన్న కనెక్షన్‌ని పలకరించే కీప్ అలైవ్ లైనక్స్‌లో మామూలుగా రెండు గంటలకు మొదలవుతుంది, అదీ ప్రోగ్రామ్ అడిగితేనే. గంటకు మరిచిపోయేవాడిని రెండు గంటలకు పలకరిస్తే ఏం లాభం? డేటాబేస్ వైపు పది నిమిషాలకోసారి పలకరించేలా పెట్టించాం. తప్పు ఎవరిదీ కాదని తేలిన కాల్ అది, అందుకే చివర్లో ఎవరూ ఎవరినీ అభినందించలేదు కూడా.

అవతలి పోర్టు గురించే అందరూ అడుగుతారు గానీ ఇవతల కూడా ఒకటి ఖర్చవుతుంది. లైనక్స్ బయటికెళ్లే కనెక్షన్లకు 32,768 నుంచి 60,999 దాకా వాడుతుంది, అంటే 28,232. మూసిన కనెక్షన్ తాలూకు నంబరు ఒక నిమిషం పక్కనే ఉంటుంది. ఒక్కో రికార్డుకి ఒక్కో కొత్త కనెక్షన్ తెరిచే బ్యాచ్ జాబు ఒకే సర్వర్‌ని సెకనుకి 500 సార్లు తడితే ఆ నిమిషంలోనే నంబర్లు అయిపోతాయి. దానికి కూడా మొదట వచ్చే టికెట్ 'ఫైర్‌వాల్ అడ్డుపడుతోంది' అనే.

ఆఫీసు బయట నన్ను ఎక్కువగా అడిగేది కెమెరాల గురించి. ప్లెయిన్స్‌బరోలో ఉన్న సగంమంది ఫోనుల్లో తెనాలో, కరీంనగరో, ఏలూరో, అమ్మానాన్నల ఇంటి వరండా కనిపిస్తుంది. నా ఫోనులో తెనాలి. గేటు దగ్గర పాలవాడు, తులసికోట, మధ్యాహ్నం అరుగు మీద కునికే నాన్న. అక్కడ కెమెరాలు బిగించిన కుర్రాడు చురుకైనవాడు. అమెరికానుంచి కనపడాలంటే రూటర్లో పోర్ట్ ఫార్వర్డ్ చేయాలని, అంటే బయట తట్టినవాళ్లని నేరుగా కెమెరాకి మళ్లించాలని, వాడికి తెలుసు: వీడియోకి 554, వెబ్ పేజీకి 80, బ్రాండును బట్టి 8000 అనో 37777 అనో. ఫ్యాక్టరీ పాస్‌వర్డ్ మార్చాలని మాత్రం ఎవరూ చెప్పినట్టు లేరు. నేను ఫోన్ చేసి "బాబూ, అవన్నీ తీసెయ్" అంటే "తీసేస్తే మీకు కనపడదు మేడమ్" అన్నాడు. తన వైపునుంచి అది న్యాయమే.

వాడికి మిరాయ్ కథ చెప్పాను. ఆ కథ పుట్టింది మా మిడిల్‌సెక్స్ కౌంటీలోనే. మా ఊరినుంచి రూట్ వన్ మీద ఉత్తరంగా పోతే న్యూ బ్రన్స్విక్, అక్కడ రట్గర్స్ యూనివర్సిటీ. 2014 చివరినుంచి, విద్యార్థులు కోర్సులకు పేర్లిచ్చుకునే వేళల్లో, ఆ యూనివర్సిటీ నెట్‌వర్క్ పదేపదే కూలేది. చేయించింది అక్కడే చదువుతున్న ఒక కుర్రాడు. అతను మరో ఇద్దరితో కలిసి 2016లో మిరాయ్ అనే ప్రోగ్రామ్ రాశాడు. అది చేసే పని చెప్పడానికి సిగ్గేసేంత తేలిక: ఇంటర్నెట్లో ఏదో ఒక అడ్రసు తీసుకుని పోర్టు 23 తట్టడం, పది సార్లలో ఒకసారి 2323 తట్టడం. పలికితే ఫ్యాక్టరీ పేర్లూ పాస్‌వర్డులూ 60 పైచిలుకు ఉన్న జాబితా వరసగా ప్రయత్నించడం. దొరికినవి ఎక్కువగా కెమెరాలు, వాటి రికార్డర్లు, ఇంటి రూటర్లు. సెప్టెంబరు ఆఖర్లో ఆ కోడుని బయట పడేశారు. ఇంకెవరో దాన్నే ఎత్తుకుని అక్టోబరు 21న డిన్ అనే డీఎన్ఎస్ సంస్థ మీదికి కెమెరాల మందని తోలితే ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ లాంటివి అమెరికాలో చాలామందికి గంటలపాటు అందలేదు. రట్గర్స్ కేసులో 2018లో ట్రెంటన్ ఫెడరల్ కోర్టు ఆ కుర్రాడికి ఆరు నెలలు ఇల్లు కదలకుండా ఉండే శిక్ష, 86 లక్షల డాలర్ల పరిహారం వేసింది.

మేం టెల్నెట్‌ని తరిమేశామని మొదట్లో అన్నాను కదా. ఆఫీసుల్లోనుంచి తరిమాం, ఇళ్ల గోడలమీది కెమెరాల్లోనుంచి కాదు. కెమెరా కొన్నవాళ్లకి లోపల 23 వింటోందన్న సంగతే తెలియదు. కొన్నిటిలో ఆ పాస్‌వర్డ్ మార్చే వీలే లేదు.

తెనాలి కుర్రాడు కథంతా విని, "ఇప్పుడు కొత్త కనెక్షన్లలో ఫార్వర్డ్ ఎలాగూ పనిచేయట్లేదు మేడమ్" అన్నాడు. అదీ నిజమే. చాలా బ్రాడ్‌బ్యాండ్ కంపెనీలు ఒక పబ్లిక్ అడ్రసుని ఎన్నో ఇళ్లకి కలిపి పంచుతున్నాయి, బయటివాడు తట్టాలన్నా ఏ ఇంటిదో తెలియదు. అందుకని కెమెరానే బయటికెళ్లి తయారీదారు సర్వర్‌ని పలకరిస్తుంది, నా ఫోనూ అక్కడికే వెళ్తుంది. లోపలికి ఏ పోర్టూ తెరవనక్కర్లేదు. నాన్న కునుకు మాత్రం ఎవరిదో సర్వర్ మీదుగా నాకు చేరుతుంది. ఈ రెంటిలో ఏది మేలని ఇక్కడి స్నేహితులు అడిగితే, ఆ కంపెనీ ఎవరిదో, అప్‌డేట్లు ఇస్తోందో లేదో చూడండి అంటాను. నంబరు చెబుతానని ఎదురుచూసినవాళ్లు నిరాశపడతారు.

ఆఫీసులోనూ అదే వరస. ఒకప్పుడు రూలు చదివితే కథ తెలిసేది: 1433 అంటే ఎస్‌క్యూఎల్ సర్వర్, 3389 అంటే రిమోట్ డెస్క్‌టాప్, 445 అంటే ఫైల్ షేరింగు. 2017 మేలో వాన్నాక్రై అనే వర్మ్ 445 వెంట పాకుతున్నప్పుడు ఏ రూళ్లు మూయాలో వెతుక్కోవడానికి ఆ నంబరొక్కటే చాలింది. ఇప్పుడు టికెట్లన్నీ 443. వెబ్ పేజీ 443, మీటింగు 443, బ్యాకప్ 443, చాటుగా బయటికి ఫైళ్లు పంపేవాడిది కూడా 443. 53లో కనపడాల్సిన డీఎన్ఎస్ ప్రశ్నల్ని కొన్ని బ్రౌజర్లు 443లోకి దూర్చేశాయి. టీసీపీ మాత్రమే తెరిచి హాయిగా ఉన్న చోట, 2021లో ప్రమాణమైన క్విక్ అనే ప్రోటోకాల్ వచ్చి యూడీపీ 443 కూడా కావాలంటోంది. అన్నీ దూరిపోయే దారి ఒకటే అయినప్పుడు ఆ నంబరు చూసి నేను చెప్పగలిగింది ఏమీ లేదు. అందుకే టికెట్లో ఇప్పుడు పోర్టు గడి కన్నా ముందు వేరే గడులు చదువుతాను: అడిగిందెవరు, దేనికి, ఎన్నాళ్లు.

ఆ మూడోది ఎవరూ నింపరు. తెరవమని రోజూ అడుగుతారు, మూయమని అడిగినవాళ్లని వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ప్రాజెక్టు పోతుంది, వీసా మారో ఉద్యోగం మారో మనిషి టెక్సాస్ వెళ్లిపోతాడు, రూలు మాత్రం అతని పేరుతో ఉండిపోతుంది. ఏటా మేం ఆ పాత రూళ్లు ఏరతాం. రూలు ఎన్నిసార్లు వాడుకలోకి వచ్చిందో చెప్పే హిట్ కౌంట్ సున్నా ఉంటే వెంటనే తీసేయం. ముందు ఆపి, లాగ్ పెట్టి, క్వార్టర్ ముగింపు ఒకటి దాటనిస్తాం. మొన్న ఒకదానికి మిగతా ఏడాదంతా సున్నాయే, జనవరిలో మాత్రం కొన్ని రోజులు కదిలింది. పోర్టు 22, అవతల ఒక అడ్రసు, కామెంట్లో వెళ్లిపోయిన ఒకతని పేరు. పేరోల్ వాళ్లని అడిగితే పన్నుల కోసం డబ్ల్యూ-2 పత్రాలు అచ్చువేసేవాళ్లకి ఫైలు పోయేది ఆ దారినేనట, రూలున్నట్టు వాళ్లకీ తెలియదు. తీయలేదు. అతని పేరు కొట్టేసి పేరోల్ టీము పేరు రాయించాను, గడువు గడిలో వచ్చే ఫిబ్రవరి 15 పెట్టాను. అప్పటికి మళ్లీ అడుగుతాను.